స్లాబు కింద వేసవి

ఇళ్లూ బడులూ ఎందుకింత కాగుతున్నాయి? కట్టే పద్ధతి మార్చుకోవాలంటే ముందుగా మారాల్సింది ఎవరు?

మే నెల. పొద్దు గూకి గంట దాటింది. ఊరి చివర కొత్త కాలనీలో ఇంటింటి మెట్ల మీదా బకెట్ల చప్పుడు. మోటారు ఉన్నవాళ్లు పైపుతో, లేనివాళ్లు బిందెలతో స్లాబు మీద నీళ్లు గుమ్మరిస్తున్నారు. మొదటి బకెట్టు పడగానే సుయ్‌మని ఆవిరి లేస్తుంది. నాలుగైదు బకెట్లు పోస్తే గానీ తడి నిలవదు. లోపల ఫ్యాను గిరగిరా తిరుగుతూనే ఉంది, కానీ అది కిందికి నెట్టేది స్లాబును అంటుకుని ఉన్న వేడిగాలినే. పసిపిల్ల ఒళ్లంతా చెమటకాయలు. ముసలాయన నులకమంచం వాకిట్లోకి లాగించుకున్నాడు. కాలనీ ఇరుకు కాబట్టి ఆ మంచం సగం వీధిలోనే ఉంది. అర్ధరాత్రి దాటితే గానీ ఆ గదిలో మనిషికి కన్ను మూతపడదు.

అదే ఊళ్లో బడి సంగతీ అంతే. మార్చి సగానికొచ్చేసరికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు ఎండన పడి ఇంటికి పోకూడదన్నది అందుకు ఒక కారణం. పన్నెండు దాటాక ఆ గదుల్లో పాఠం చెప్పడం, వినడం రెండూ కష్టమన్నది రెండో కారణం. ఇదంతా ఎండల తప్పని సరిపెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. ఎండలు ముదిరిన మాట నిజమే. 2015 వేసవిలో వడగాడ్పులు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీశాయి. కానీ రాత్రి పదింటికి వీధిలో గాలి చల్లబడ్డాక కూడా గది చల్లబడకపోతే ఆ తప్పు ఆకాశానిది కాదు. ఆ వేడి మనం కట్టుకున్నది. ఎవరింటికి వాళ్లు చేసుకునే మార్పుతో అది పోదు. పల్లెల్లో ఏది మంచి ఇల్లో, ఏది గట్టి భవనమో జనానికి చూపించేది ప్రభుత్వం కట్టే బడి, అంగన్‌వాడీ, పంచాయతీ ఆఫీసు, కాలనీ ఇల్లు. మనిషికీ నేలకూ నప్పే కట్టడం అక్కడ మొదలైతేనే ఊళ్లోకి పాకుతుంది.

నడినెత్తిన సూర్యుడు

ఏప్రిల్ చివరి నుంచి మే మూడో వారం లోపు మన ప్రాంతాలన్నింటా ఏదో ఒక రోజున సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. అంటే ఎండ బాగా ముదిరిన రోజుల్లోనే అది గోడల కన్నా కప్పు మీద ఎక్కువ పడుతుంది. పది అంతస్తుల అపార్టుమెంటులో ఈ బాధ పై అంతస్తువాళ్లది. ఒకే అంతస్తున్న పేదవాడి ఇంట్లో, పల్లె బడిలో, అంగన్‌వాడీలో అందరిదీను.

నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా ఎండ తాగుతుంది. పై ముఖానికి తగిలిన వేడి లోపలి ముఖానికి దిగడానికి గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటి ఎండ గదిలో సాయంత్రం ఐదారింటికి తెలుస్తుంది. అప్పటి నుంచి స్లాబు తాను దాచుకున్నదంతా మంచాల మీదికి వదులుతూనే ఉంటుంది. రేకుల కప్పు తీరు వేరు. ఎండ పడిన నిమిషాల్లో కాగిపోతుంది, పొద్దు వాలాక త్వరగా చల్లారుతుంది. ఈ తేడాను మన నక్షాలు గీసేవాళ్లు పట్టించుకోవడం అరుదు. బడిని పగలు వాడతాం, ఇంట్లో అందరూ కలిసి ఉండేది రాత్రి. వేడిని ఆలస్యంగా లోపలికి పంపే మందమైన గోడ, బరువైన కప్పు పగటి బడికి పనికొస్తాయి, సాయంత్రానికి పిల్లలు ఇంటికి పోతారు కాబట్టి. రాత్రి పడుకునే ఇంటికి అవే శిక్ష. ఇక ఎండకు అడ్డు లేని రేకులు బడికి బొత్తిగా పనికిరావు. మధ్యాహ్న భోజనం వండే షెడ్ల మీద మాత్రం ఇప్పటికీ అవే పడుతున్నాయి. పొయ్యి వేడి కింది నుంచి, రేకుల వేడి పైనుంచి. వాటి మధ్య నిలబడి వండేది ఆడవాళ్లు.

> సిమెంటు బరువు
> ప్రపంచంలో మనుషుల వల్ల గాల్లోకి చేరే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7-8 శాతం సిమెంటు తయారీదే. ఇందులో సగానికి పైగా బట్టీలో మండించే బొగ్గుది కాదు. సున్నపురాయి కాలి విడిపోయేటప్పుడు అందులోంచే వచ్చేది. అందుకే ఇంధనం మార్చినంత మాత్రాన సిమెంటు పూర్తిగా శుభ్రపడదు, వాడకం కూడా తగ్గాలి. సిమెంటు తయారీలో చైనా తర్వాతి స్థానం మనదేశానిది. సూర్యాపేట, పల్నాడు, కడప, నంద్యాల జిల్లాల్లో సున్నపురాయి ఉన్నచోటల్లా ఫ్యాక్టరీలు వెలిశాయి. కాల్చిన బంకమట్టినీ సున్నపురాయి పొడినీ కలిపి ఉద్గారాలను సుమారు 40 శాతం దాకా తగ్గించే ఎల్‌సీ3 రకం సిమెంటుకు 2023లో భారతీయ ప్రమాణం కూడా వచ్చింది.

ప్రాంతానికో తీరు

ఒకప్పుడు ఏ కప్పు ఎప్పుడు కాగుతుందన్న ఈ లెక్క ఇల్లు కట్టేవాళ్లకు చెప్పకుండానే తెలుసు. రాయలసీమ మిద్దెనే చూడండి. మూరకు తగ్గని రాతిగోడ, దూలాలు, దంతెలు, వాటిపైన కట్టెలో బండలో పరిచి, ఆ మీద మందంగా చవుడుమట్టి. పగలు ఆ మిద్దె కింద చల్లగా ఉంటుంది. రాత్రికి వేడి లోపలికి దిగే వేళకు ఇంటిల్లిపాదీ మిద్దె మీదికెక్కి పడుకుంటారు. అంటే ఆ కట్టడం మట్టితో పాటు మనుషుల నడవడిని కూడా లెక్కలోకి తీసుకుంది. పొడిగాలి వీచే సీమకు అది సరిపోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో గాలిలో తేమ ఎక్కువ, పైగా తుపాన్ల బెడద. అక్కడ చుట్టిల్లు పుట్టింది. గుండ్రని మట్టిగోడ, శంకువులా నిలిచిన తాటాకు కప్పు, దాదాపు నేలదాకా దిగిన చూరు. మూలలు లేని గోడను గాలి ఒరుసుకుంటూ పోతుంది, చూరు కింద గోడ తడవదు. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నడుమ ఆకాశానికి తెరిచిన చోటు నుంచి వేడిగాలి పైకి పోతుంది, నాలుగు వసారాలూ నీడనిస్తాయి.

వీటిని తలచుకుని నిట్టూర్చడం తేలిక. ఎందుకు పోయాయో ఒప్పుకోవడమే కష్టం. తాటాకిల్లు వేసవిలో నిప్పురవ్వ పడితే వాడంతా బూడిద. చవుడుమిద్దె మీద ఏటా వానలకు ముందు కొత్త మన్ను వేయాలి. వేయని ఏడాది ముసురుకు కూలుతుంది, కొన్నిసార్లు మనుషుల మీదే కూలుతుంది. మండువా లోగిలి ఉన్నవాళ్లదే తప్ప పాలేరుది ఎన్నడూ కాదు. గుడిసె బతుకంతా నీళ్లు కారే కప్పు కింద గడిపిన కుటుంబానికి స్లాబు అంటే గౌరవం, భద్రత, నలుగురిలో తలెత్తుకోవడం. ఆ కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి ఈ వాదన పాతిళ్లకు తిరిగి వెళ్లమని కాదు. ఆ ఇళ్లు ఎండతో, గాలితో, వానతో కుదుర్చుకున్న ఒప్పందాన్ని కొత్త ఇళ్లు ఎందుకు తెంచుకున్నాయన్నదే ప్రశ్న.

అందరికీ ఒకే నక్షా

ఆ ఒప్పందాన్ని తెంచినదాంట్లో ప్రభుత్వాల పాలు పెద్దది, ఉద్దేశం మంచిదే అయినా. ఉమ్మడి రాష్ట్రంలో 1979లో గృహనిర్మాణ సంస్థ ఏర్పడినప్పటి నుంచి బలహీనవర్గాల ఇళ్ల విషయంలో మనది దేశంలో ముందుండిన ప్రాంతం. లక్షల కుటుంబాలకు సొంత గూడు వచ్చింది, దాన్ని తక్కువ చేయలేం. అయితే పథకం ఏ పార్టీది అయినా ఇంటిని చదరపు అడుగుల్లో కొలిచే లెక్క మాత్రం మారలేదు. తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు, ఆంధ్రప్రదేశ్ కాలనీ ఇల్లు 340 చదరపు అడుగులు, తెలంగాణలోనే తర్వాత వచ్చిన ఇందిరమ్మ ఇల్లు కనీసం 400. ఇచ్ఛాపురం ఉప్పుగాలిలోనూ, హిందూపురం పొడిగాలిలోనూ, ఆదిలాబాద్ అడవి అంచునా పైకప్పు ఒకటే, స్లాబు. గ్రామీణ ఆవాస్ యోజన కింద ఇల్లు రావాలంటే మొదట్లో 2011 సామాజిక ఆర్థిక, కుల గణనలో గోడలూ కప్పూ కచ్చాగా నమోదై ఉండాల్సి వచ్చేది. మట్టిగోడ ఎంత బలంగా ఉన్నా కచ్చా లెక్కలోకే పోతుంది. ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షల రూపాయలు దశలవారీగా పడతాయి, వాటిలో పెద్ద విడత స్లాబుకే. ఇంటాయన వేరే కప్పు వేసుకుందామనుకున్నా బిల్లు ఆగిపోతుందన్న భయం ఆ ఆలోచనను అక్కడే ఆపేస్తుంది.

బడులదీ ఇదే కథ. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘నాడు-నేడు’ తొలి విడతలోనే 15,715 బడులను బాగుచేసింది. 2022లో తెలంగాణ ‘మన ఊరు-మన బడి’ 26,065 బడులను లెక్కలోకి తీసుకుంది. మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు, ఫ్యాన్లు, రంగులు, ప్రహరీ. ఇవన్నీ కావలసినవే, ముఖ్యంగా ఆడపిల్లలకు మరుగుదొడ్డి బడి మానకుండా నిలబెట్టే సౌకర్యం. కానీ ఆ పనుల జాబితాలో గది చల్లగా ఉండడమన్నది ఒక పనిగా చేరలేదు. గోడలకు రంగుల బొమ్మలు వేసినంత శ్రద్ధగా కప్పుకు తెల్ల సున్నం వేసి ఉంటే అదే ఖర్చులో చాలా మేలు జరిగేది. అవకాశం పెద్దది, అందుకే బాధ.

ఎర్రమట్టి బడి, ఎత్తిన రేకు

ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె ఉంది. ఎండ మన రామగుండానికి తీసిపోదు. బడి కట్టేనాటికి అక్కడ కరెంటు లేదు. ఆ ఊళ్లో పుట్టి బెర్లిన్‌లో భవన నిర్మాణం చదువుకుంటున్న ఫ్రాన్సిస్ కెరె, చదువు పూర్తికాకముందే డబ్బు పోగుచేసి 2001 నాటికి అక్కడ బడి కట్టాడు. మట్టితో కడతానంటే ఊరివాళ్లు మొదట ఒప్పుకోలేదు. పట్నంలో చూసిన కాంక్రీటు బడే వాళ్లకు బడి. మట్టి గోడ వానకు కరిగిపోతుందని వాళ్లకు అనుభవం. మన పల్లెలో ఈ మాట చెప్పినా ఇదే జవాబొస్తుంది. కెరె మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి అచ్చుల్లో ఒత్తించి ఇటుకలు చేయించాడు. పిల్లలు పునాదికి రాళ్లు మోసుకొచ్చారు, ఆడవాళ్లు నీళ్లు మోశారు. తరగతి గదుల పైన మట్టి ఇటుకలతోనే సందులుండేలా ఒక కప్పు. ఆ కప్పు మీద బాగా ఎత్తున, చుట్టూ వెడల్పాటి చూరుతో రేకుల కప్పు. ఎండంతా రేకు తీసుకుంటుంది. రేకుకూ ఇటుక కప్పుకూ నడుమ గాలి ఆ వేడిని తరుముకుపోతుంది. గదిలో వేడెక్కిన గాలి సందుల్లోంచి పైకి లేచిపోతుంటే కిటికీల్లోంచి చల్లటి గాలి వస్తుంది. రేకును మోసే చట్రాన్ని మామూలు ఇనుప చువ్వలతో, చేతిరంపం, చిన్న వెల్డింగ్ మిషనుతో ఊరి కుర్రాళ్లే తయారుచేశారు. 2004లో ఆ బడికి ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. 2022లో కెరెకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆఫ్రికాలో పుట్టిన వాస్తుశిల్పికి అది రావడం మొదటిసారి.

బహుమతుల కన్నా ముఖ్యం, ఇందులోని కిటుకు మనకు కొత్త కాకపోవడం. పెళ్లింటి ముందు, చలివేంద్రం మీద, దుకాణం ముంగిట మనం వేసే చలువపందిరి చేసే పని అచ్చంగా ఇదే. ఎండను మనిషికి తగలకముందే ఎత్తున ఆపడం, మధ్యలో గాలికి దారి ఇవ్వడం. ఇప్పటికే స్లాబు పడిన వేల బడుల మీద, అంగన్‌వాడీల మీద నాలుగడుగుల ఎత్తున తేలికపాటి పందిరి వేయడానికి స్లాబును పగలగొట్టనక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఆరేళ్లలోపు పిల్లలు, గర్భిణులు మధ్యాహ్నం వేళ కూర్చునే చోట్లవి. ముందు వాటి కప్పుల సంగతి చూడడం న్యాయం.

మట్టి మీద అనుమానం, నిప్పు మీద భయం

వానకు ఆగుతుందా అన్న అనుమానానికి బంగ్లాదేశ్ నుంచి జవాబుంది. దినాజ్‌పూర్ జిల్లా రుద్రాపూర్‌లో 2005-06లో ఊరివాళ్లే కట్టిన మెటి బడి కింది అంతస్తు మట్టిదీ గడ్డిదీ, పై అంతస్తు వెదురుది. అక్కడ పడే వాన మన కోస్తాకు తక్కువేమీ కాదు. నేలతేమ పాకకుండా ఇటుక పునాది, దాని మీద ప్లాస్టిక్ పొర, గోడ తడవకుండా చూరు. మట్టిగోడ చెడిపోయేది కింది తడితో, పైనుంచి కారే నీటితో. ఆ రెండూ ఆపితే తరాలు నిలుస్తుంది. ఇంజినీరు సంతకం పెట్టడానికి ఆధారమేదీ అంటారా, స్థిరపరచిన మట్టి ఇటుకలకు ఐఎస్ 1725 ప్రమాణం దశాబ్దాలుగా ఉంది. 1974లో బెంగళూరు ఐఐఎస్‌సీలో మొదలైన ‘అస్త్ర’ బృందం, తర్వాత ఆరోవిల్ భూమి సంస్థ ఈ ఇటుకల మీద ఏళ్ల తరబడి పనిచేశాయి. బట్టీలో కాల్చనక్కర్లేని ఇటుక ఇది, కట్టెలు గానీ బొగ్గు గానీ అడగదు.

నిప్పు సంగతి వేరు. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో బడి తాటాకు కప్పుకు నిప్పంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత బడుల మీద ఆకుల కప్పు వద్దన్న నిర్ణయం సరైనదే, దాన్ని సడలించమని ఎవరు అడిగినా ఒప్పుకోకూడదు. చల్లని బడి అంటే అంటుకునే బడి కాదు. పందిరి రేకుదైనా, పెంకుదైనా, సోలార్ పలకలదైనా కావచ్చు. సోలార్ పలకలైతే నీడతో పాటు కరెంటూ వస్తుంది.

కాంక్రీటుకు తిరుగులేని చోటు కూడా ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి పదివేల మందికి పైగా పోయాక, తీరం పొడవునా తుపాను రక్షిత భవనాలు లేచాయి. స్తంభాల మీద ఎత్తుగా నిలిచిన ఆ భవనాలు చాలాచోట్ల మామూలు రోజుల్లో బడులుగా నడిచాయి. అక్కడ కాంక్రీటు ప్రాణం కాపాడుతుంది. అవసరమైన చోట మంచి కాంక్రీటు దొరకాలంటే అవసరం లేనిచోట దాన్ని దుబారా చేయకూడదు. స్లాబు శాశ్వతమన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్న బడుల వార్తలు ఏటా వానాకాలంలో చదువుతూనే ఉన్నాం.

> బేకర్ దారి
> 1945లో భారతదేశానికి వచ్చి, తర్వాత తిరువనంతపురంలో స్థిరపడిన లారీ బేకర్ సామాన్యుల ఇళ్లకు రెండు పద్ధతులు ప్రచారంలోకి తెచ్చారు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలి కట్టే గోడకు ఇటుకలు సుమారు పావువంతు తగ్గుతాయి, ఖాళీలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. రెండోది ఫిల్లర్ స్లాబు. స్లాబు కింది సగంలో కాంక్రీటు కన్నా చువ్వలకే పని ఎక్కువ కాబట్టి, ఆ చోట కొంతమేర పాత పెంకులు పెట్టి పోస్తారు. సిమెంటు ఆదా, కప్పు కాస్త చల్లన.

పైన ఇంకో అంతస్తు

ఇంటాయన చెప్పే అసలు అభ్యంతరం వేరే ఉంటుంది. కొడుకు పెళ్లయితే పైన ఒక గది వేయాలి. ఏ ఊళ్లో చూసినా స్లాబుల మీద ఆకాశంలోకి పొడుచుకొచ్చిన చువ్వలు ఆ ఆశకు గుర్తులు. ఇది న్యాయమైన ఆలోచన, పిల్లల భవిష్యత్తు మీద పెట్టిన పెట్టుబడి. లెక్కగట్టి వేసిన ఫిల్లర్ స్లాబు పైఅంతస్తును మోస్తుంది కాబట్టి ఆ ఆశకూ చల్లదనానికీ వైరం లేదు. పైఅంతస్తు పడేదాకా స్లాబు మీద తెల్లపూత గానీ, ఊడదీసుకోదగ్గ పందిరి గానీ ఉంటే చాలు. దాని మీద సొరపాదు, బీరపాదు పాకిస్తే మంచిదే, కూరకు కూర.

ఖర్చు పెరగదా అని అడిగేవాళ్లకు పనిని బట్టి జవాబు మారుతుంది. పందిరికి ఖర్చవుతుంది. ఖాళీగోడ, ఫిల్లర్ స్లాబు ఖర్చు తగ్గిస్తాయి. తెల్లపూత అన్నిటికన్నా చవక. అయితే వీటిని చేతితో కట్టే మేస్త్రీలు ఊళ్లో కావాలి. గాండోలో బడి కట్టిన కుర్రాళ్లు ఆ పని నేర్చుకుని తర్వాత ఇతర చోట్లా పని చేసుకున్నారు. ఒక మండలంలో ఒక బడి ఇలా కడితే నలుగురు మేస్త్రీలకు పని వస్తుంది. ఆ నలుగురూ ఊళ్లో ఇళ్లు కడతారు. ప్రభుత్వ భవనంతోనే మొదలవ్వాలని అనడంలో అసలు సంగతి ఇదే. నేర్చుకునే ఖర్చు పేదవాడి సొంతింటి మీద పడకూడదు.

> రేటింగులు ఎక్కడున్నాయి?
> హైదరాబాద్‌లోని సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగు పొందిన తొలి భవనం అదే. ఇరవయ్యేళ్లుగా మన నగరానికి ఈ నేర్పు ఉంది. అది ఐటీ టవర్లకు, పెద్ద ఆఫీసులకు చేరినంతగా పల్లె బడికి చేరలేదు.

ధరల పట్టికలో చోటు

అడ్డంకి ఎక్కువగా కాగితం మీదే ఉంది. ప్రభుత్వ పనికి అంచనా వేసేది ఎస్‌ఎస్‌ఆర్ ధరల పట్టిక చూసి. అందులో ధర లేని పని టెండరులోకి రాదు, టెండరులో లేని పనికి బిల్లు కాదు. అసిస్టెంట్ ఇంజినీరుకు ఎంత మనసున్నా సొంతంగా ఫిల్లర్ స్లాబు రాయలేడు, రాస్తే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాలి. మట్టి ఇటుక, ఖాళీగోడ, ఫిల్లర్ స్లాబు, స్లాబు మీది పందిరి, తెల్లపూతలకు ప్రాంతాల వారీగా ధరలు పెట్టి, తీరానికొకటి, సీమకొకటి, తెలంగాణ పీఠభూమికొకటి బడి నక్షాలు ఇస్తే ఇంజినీర్లు వాటిని కట్టగలరు. ఇందిరమ్మ ఇంటి బిల్లులో ‘స్లాబు’ అన్నచోట ‘కప్పు’ అని రాసి, ఏయే కప్పులు చెల్లుతాయో జాబితా ఇవ్వడానికి ఒక ఉత్తర్వు చాలు.

దారి వేసిన ఉదాహరణ ఇంట్లోనే ఉంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రకటించిన చల్లని కప్పుల విధానం అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఎండ తిప్పికొట్టేలా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది, ప్రభుత్వ భవనాలకు దీన్ని తప్పనిసరి చేసింది. దాని బలహీనత తెల్లపూత స్వభావంలోనే ఉంది. ఒక వానాకాలం పాచికి, ఒక ఎండాకాలం దుమ్ముకు తెలుపు మాసిపోతుంది, మళ్లీ వేయాలి. చవుడుమిద్దె మీద ఏటా మన్ను వేసినట్టే. ఆ పని ఎవరిదో, ఏ పద్దులో రాయాలో తేలకపోతే రెండో ఏడాదికే విధానం కాగితాల్లోకి పోతుంది. సమగ్ర శిక్ష కింద బడులకు పిల్లల సంఖ్యను బట్టి ఏటా నిర్వహణ గ్రాంటు వస్తుంది. అందులో కప్పు సున్నానికి ఒక పద్దు విడిగా రాసి, ఫిబ్రవరి నెలాఖరులోపు, అంటే ఒంటిపూట బడుల ఉత్తర్వు రాకముందే, పూత పూర్తిచేయాలని ప్రధానోపాధ్యాయులకు చెప్పవచ్చు. ఆ పనికి కావలసింది సున్నం, జిగురు, రెండు చీపురుకట్టలు, ఒక రోజు కూలి.